పాట పెగలని గొంతుకూ స్తుతిలో చోటుంది

2021 ఆగస్టు నెల, ఒక ఆదివారం. కరోనా రెండో విజృంభణ తగ్గుముఖం పట్టి మందిరం తలుపులు మళ్లీ తెరుచుకున్న తొలి రోజులవి. దూరం దూరంగా వేసిన కుర్చీల్లో మాస్కులు కట్టుకుని కూర్చున్న సంఘాన్ని చాలాకాలానికి కళ్లారా చూసిన ఉత్సాహంలో నేను కాస్త ఎక్కువే మాట్లాడాను. పాటల సమయంలో మైకు అందుకుని, ‘అందరూ చేతులెత్తండి. ముఖాల్లో వెలుగు కనబడాలి. సంతోషం లేని ఆరాధన దేవునికి అక్కర్లేదు’ అన్నాను. డోలక్, కీబోర్డు, ప్యాడ్లు హోరెత్తాయి. చప్పట్లతో మందిరం మారుమోగింది. ఆరాధన ఎంతో బాగా జరిగిందన్న తృప్తితో ఆశీర్వాదం పలికి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

అందరూ వెళ్లిపోయాక చివరి వరుసలోంచి లేచి వచ్చిందొక తల్లి. అరవై దాటిన విధవరాలు. ఆ మే నెలలోనే ఆమె ఒక్కగానొక్క కొడుకును కరోనా తీసుకుపోయింది. భూస్థాపనకు నాతో కలిపి ఆరుగురమే వెళ్లగలిగాం. కొడుకు ముఖం ఆఖరిసారి చూసుకోవడానికి కూడా ఆమెకు వీల్లేకపోయింది. నేను వందనాలు చెప్పబోతే ఆమె నెమ్మదిగా అడిగింది: ‘అయ్యగారూ, ఇయ్యాల నాకు పాట పెగల్లేదండి. చేతులెత్తుదామంటే లేవలేదు. సంతోషం లేని ఆరాధన దేవునికి అక్కర్లేదన్నారు గదా. మరి వచ్చేవారం నన్ను రమ్మంటారా, మానమంటారా?’

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగింది. ‘అదేంటమ్మా, తప్పకుండా రావాలి’ అన్నాను గానీ, అంతకుమించి మాట రాలేదు. వేదాంత కళాశాలలో హెబ్రీ, గ్రీకు భాషలు చదువుకున్నాను. ఆరాధనా క్రమాల చరిత్ర చదువుకున్నాను. ఏళ్ల తరబడి ప్రసంగిస్తున్నాను. ఆ చదువు, ఆ అనుభవం ఒక తల్లి ప్రశ్న ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాయి. ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు.

ఆ రోజు నేను చేసిన తప్పేమిటో తర్వాత మెల్లగా అర్థమైంది. సంతోషాన్ని నేను మందిర ప్రవేశానికి రుసుముగా మార్చేశాను. ఉన్నవాళ్లు చెల్లించి లోపలికి వచ్చారు. లేని తల్లి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. సంతోషం మనం వెంట తెచ్చుకుని దేవునికి చూపించాల్సిన వస్తువు కాదు, ఆయన సన్నిధికి ఖాళీ చేతులతో వచ్చినవారికి ఆయనే ఇచ్చే ఈవి. ఈ వరుస తారుమారైతే స్తుతి భారమవుతుంది. ఆరాధన నటన అవుతుంది. ఈ వారం పాఠకులతో ఈ ఒక్క విషయమే పంచుకోవాలనుకుంటున్నాను.

బబులోను నది ఒడ్డున

137వ కీర్తన చాలామందికి తెలుసు. యెరూషలేము నేలమట్టమైంది. దేవాలయం కాలిపోయింది. యూదులు బబులోనుకు బందీలుగా వెళ్లారు. అక్కడి నదుల ఒడ్డున కూర్చుని సీయోనును తలచుకుని ఏడ్చారు. చెట్లకు తమ సితారాలు తగిలించేశారు. అప్పుడు వారిని చెరపట్టినవారు వచ్చి, సీయోను పాటల్లో ఒకటి ఉల్లాసంగా పాడి వినిపించమని అడిగారు. అన్యదేశంలో యెహోవా పాట ఎలా పాడగలమన్నది ఆ బందీల ఆక్రందన.

ఈ కీర్తన మీద నేను ఎన్నో ప్రసంగాలు చేశాను. ప్రతిసారీ బందీల పక్షానే నిలబడి మాట్లాడాను. ఆ ఆదివారం సాయంత్రం అదే కీర్తన తెరిచినప్పుడు గుండె ఝల్లుమంది. ఏడుస్తున్నవారిని సంతోషంగా పాడమని బలవంతం చేసింది ఎవరు? లేవీయులు కాదు, ప్రవక్తలు కాదు. బబులోనువారు! మైకు పట్టుకుని ముఖాల్లో వెలుగు చూపించమని గద్దించినప్పుడు నేను నిలబడింది ఎవరి పక్కనో అప్పుడు తెలిసింది.

దేవుడు మాత్రం ఆ కన్నీటి కీర్తనను తోసివేయలేదు. పాడలేమని చెప్పిన ఆ మాటలనే పాటగా స్వీకరించి తన గ్రంథంలో చేర్చుకున్నాడు. ఆ తల్లి అడిగిన ప్రశ్నకు దేవుడిచ్చిన మొదటి జవాబు ఇదేనని నా నమ్మకం.

స్తుతుల గ్రంథంలో ఇన్ని కన్నీళ్లా?

హెబ్రీ భాషలో కీర్తనల గ్రంథానికి ‘తెహిల్లీం’ అని పేరు. అంటే స్తుతులు. అయితే ఆ గ్రంథంలోని 150 కీర్తనల్లో మూడో వంతుకు తక్కువ కాకుండా విలాపాలే ఉన్నాయి. 13వ కీర్తన చూడండి. ఉన్నవి 6 వచనాలే. మొదటి రెండు వచనాల్లోనే దావీదు, ఇంకెంతకాలమని 4 సార్లు అడుగుతాడు. 42వ కీర్తనకారుడు ఒకప్పుడు జనసమూహంతో కలిసి పాటలతో దేవుని మందిరానికి వెళ్లిన రోజులు తలచుకుని కుమిలిపోతాడు. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలై మందిరాలు మూతపడ్డాక ఆ కీర్తన మనకు కొత్తగా అర్థమైంది. 88వ కీర్తనైతే చీకటిలోనే మొదలై చీకటిలోనే ముగుస్తుంది. చివర్లో ఆశాకిరణం అంటూ ఏదీ లేదు. అయినా ఆ గ్రంథాన్ని కూర్చినవారు దానికి ‘విలాపాలు’ అని పేరు పెట్టలేదు, స్తుతులు అన్నారు. ఎందుకంటే దేవుని ఎదుట కుమ్మరించిన దుఃఖం కూడా ఆయన ఉన్నాడని, వింటాడని ఒప్పుకోవడమే. అవిశ్వాసి దేవుని గూర్చి ఫిర్యాదు చేస్తాడు. విశ్వాసి తన ఫిర్యాదును తిన్నగా దేవుని దగ్గరకే తీసుకెళ్తాడు.

మరొక సంగతి. మనం మాటిమాటికీ పలికే ‘హల్లెలూయా’ అన్న మాట కీర్తనల గ్రంథంలో మొట్టమొదట కనిపించేది 104వ కీర్తన చివర్లో! దానికి ముందు ఎన్ని పశ్చాత్తాపాలు, ఎన్ని భయాలు, ఎన్ని నిద్రలేని రాత్రులు దాటాలో లెక్కపెట్టండి. మనం మాత్రం ఆదివారం ఉదయం మందిరంలో అడుగుపెట్టిన మొదటి అయిదు నిమిషాల్లోనే అందరినీ ఆ శిఖరం మీద నిలబెట్టాలని చూస్తాం.

ఆ మాట వ్యాకరణంలో కూడా గొప్ప ఆదరణ దాగి ఉంది. ‘హల్లెలూ’ అన్నది బహువచనం. ‘స్తుతించు’ అని ఒక్కరికి చెప్పే మాట కాదు, ‘స్తుతించండి’ అని పదిమందికి చెప్పే మాట. ‘యా’ అంటే యెహోవా. స్తుతి అనే బరువును దేవుడు ఒక్కరి భుజాల మీద మోపలేదు, సంఘమంతటికీ కలిపి అప్పగించాడు. ఈ వారం నా గొంతు పెగలకపోతే నా పక్కనున్న సహోదరుడు నా తరఫున పాడతాడు. వచ్చే ఏడు అతని ఇంట దుఃఖం వస్తే నేను అతని తరఫున పాడతాను. సంఘంగా కూడుకోవడమంటే అర్థం ఇదే. ఒంటరిగా ఫోనులో పాటలు వినడానికీ, సంఘంతో కలిసి నిలబడడానికీ ఉన్న తేడా కూడా ఇదే.

ఫిలిప్పీ చెరసాలలో అర్ధరాత్రి

ఇలా అంటే కొందరికి అనుమానం రావచ్చు. ‘అయ్యగారూ, మరి పౌలు సీలలు చెరసాలలో పాడలేదా? అన్ని పరిస్థితుల్లోనూ స్తుతించాలి గదా?’ అని. నిజమే. ఆ సంగతే చూద్దాం (అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం).

దయ్యం పట్టిన ఒక దాసిని పౌలు విడిపించాడు. ఆమె చెప్పే సోదె మీద డబ్బు గడిస్తున్న యజమానులకు ఆ రాబడి పోయింది. వాళ్లు పౌలు సీలలను సంతవీధిలోకి ఈడ్చారు. విచారణ లేకుండానే అధికారులు బట్టలు లాగివేయించి బెత్తాలతో కొట్టించారు. లోపలి చెరసాలలో కాళ్లకు బొండ వేసి బిగించారు. మధ్యరాత్రి వేళ ఆ ఇద్దరూ ప్రార్థిస్తూ కీర్తనలు పాడుతున్నారు. ఖైదీలు వింటున్నారు. అంతలో భూకంపం వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి.

మనం ఈ కథను తరచు ఒక సూత్రంగా మార్చేస్తాం. పాడితే తలుపులు తెరుచుకుంటాయి కాబట్టి పాడండి అంటాం. లూకా చెప్పిన వరుసను గమనించండి. వాళ్లు పాడుతున్నప్పుడు భూకంపం రాబోతోందని వాళ్లకు తెలియదు. తెల్లవారితే ఏమవుతుందో కూడా తెలియదు. తలుపులు తెరుచుకున్నాక కూడా వాళ్లు పారిపోలేదు. దేవుడు మేలు చేశాడని పాడిన పాట కాదది, మేలు చేస్తాడన్న హామీ ఉందని పాడిన పాటా కాదు. దేవుడు దేవుడని పాడిన పాట. లూకా ముందుగా చెప్పిన మాట కూడా విడిచిపెట్టకూడదు. వాళ్లు పాడుతున్నారని మాత్రమే రాయలేదు, ప్రార్థిస్తున్నారని కూడా రాశాడు. వీపు మీద గాయాలు మండుతున్న మనుషులు ఆ రాత్రి ఏమని ప్రార్థించి ఉంటారో మనం ఊహించుకోగలం.

సుమారు పదేళ్ల తర్వాత అదే పౌలు అదే ఫిలిప్పీ సంఘానికి పత్రిక రాశాడు. అప్పుడూ సంకెళ్లలోనే ఉన్నాడు. రోమాలో బందీగా ఉండగా రాశాడన్నది ఎక్కువమంది ఒప్పుకునే అభిప్రాయం. ఈసారి భూకంపం రాలేదు. బతుకుతాడో చస్తాడో తెలియదు. అయినా 4 అధ్యాయాల ఆ చిన్న పత్రికలో సంతోషం, ఆనందించడం అన్న అర్థమిచ్చే గ్రీకు మాటలు 16 సార్లు వస్తాయి. అందుకే దాన్ని ఆనంద పత్రిక అంటారు. గ్రీకులో సంతోషాన్ని ‘ఖరా’ అంటారు. కృప అన్న మాట ‘ఖరిస్’. కృతజ్ఞతాస్తుతి అన్న మాట ‘యూఖరిస్తియా’. మూడూ ఒకే కుటుంబానికి చెందిన మాటలు. పౌలు సంతోషానికి వేరు ఎక్కడుందో ఆ మాటలే చెబుతున్నాయి. కృపను గుర్తిస్తే కృతజ్ఞత పుడుతుంది. కృతజ్ఞత నోరు తెరిస్తే సంతోషం పలుకుతుంది.

ఆ ఆనంద పత్రికలోనే కన్నీళ్లు కూడా ఉన్నాయి. ఎపఫ్రొదితు చావు అంచుదాకా వెళ్లి బతికిన సంగతి చెబుతూ, అతను చనిపోయి ఉంటే తనకు దుఃఖం మీద దుఃఖం కలిగి ఉండేదని పౌలు దాపరికం లేకుండా రాశాడు (2వ అధ్యాయం). సిలువకు శత్రువులుగా నడుచుకునేవారిని గూర్చి ఏడుస్తూ చెబుతున్నానన్నాడు (3వ అధ్యాయం). ఆ తర్వాతి అధ్యాయంలోనే ఎల్లప్పుడూ ప్రభువులో ఆనందించమని చెప్పాడు. ‘ప్రభువులో’ అన్నాడు గానీ ‘పరిస్థితుల్లో’ అనలేదు. పైకి కెరటాలు ఎగిసిపడుతున్నా అడుగున నిశ్చలంగా ఉండే సముద్రం లాంటిది ఆ ఆనందం. కన్నీళ్లు ఉన్నంత మాత్రాన అది పోదు.

దేవునికి మన పొగడ్తలెందుకు?

ఒకసారి మా యువజనుల కూడికలో ఇంజనీరింగ్ చదివే అబ్బాయి అడిగాడు. ‘తనను పొగడమని ఆజ్ఞాపించే నాయకుడంటే మనకు అసహ్యం గదండీ. మరి దేవుడు అదే అడిగితే ఎలా ఒప్పుకోవాలి?’ మంచి ప్రశ్న. సి.ఎస్. లూయిస్ అనే ప్రఖ్యాత రచయితను కూడా విశ్వాసిగా మారిన తొలినాళ్లలో ఈ ప్రశ్నే వేధించింది. 1958లో కీర్తనల మీద రాసిన పుస్తకంలో ఆయన తనకు దొరికిన జవాబు చెప్పాడు. మనిషి దేన్ని నిజంగా ఆస్వాదిస్తాడో దాన్ని సహజంగానే మెచ్చుకుంటాడు. ఆ మెప్పు బయటికి వస్తే గానీ ఆస్వాదన పూర్తికాదు. ఇదీ ఆయన వాదన సారం.

మన ఇళ్లలో జరిగేదే చూడండి. ఎండాకాలంలో మంచి బంగినపల్లి మామిడిపండు కోసి ఒక ముక్క నోట్లో వేసుకున్నవాడు ఊరుకుంటాడా? ‘అబ్బ, ఏం పండండీ, ఒక్క ముక్క తిని చూడండి’ అంటాడు. ఆ మాట అనేదాకా తిన్న తృప్తి సగమే. మెచ్చుకోవడం వల్ల పండుకు ఒరిగేదేమీ లేదు, మెచ్చుకున్నవాడి ఆనందమే నిండుతుంది. మన స్తుతి వల్ల దేవుని మహిమ పెరగదు. స్తుతిలో నిండేది మనమే. దేవుణ్ని మహిమపరచడం, ఆయనయందు నిత్యం ఆనందించడం, ఈ రెండూ కలిసి మానవుని ముఖ్య ఉద్దేశమని వెస్ట్‌మినిస్టర్ పండితులు 1647లో తమ చిన్న ప్రశ్నోత్తరిలో మొట్టమొదటి జవాబుగా పెట్టడంలో ఉన్న లోతు ఇదే. మహిమపరచడం వేరు పని, ఆనందించడం వేరు పని అని వారు అనుకోలేదు.

అందుకే సంతోషం కోసం స్తుతించేవాడికి సంతోషం దొరకదు. వాడి కళ్లు తన మనసు మీదే ఉంటాయి. ‘నాకు ఏమైనా అనిపిస్తోందా? ఇంకా అనిపించలేదే!’ అని తన నాడి తానే పట్టుకుని చూసుకుంటూ ఉంటాడు. దేవుని కోసం స్తుతించేవాడు కాసేపు తనను తాను మరచిపోతాడు. మరచిపోయిన ఆ కాసేపటిలోనే సంతోషం చడీచప్పుడు లేకుండా వచ్చి పక్కన కూర్చుంటుంది.

ఇక్కడే రెండో వైపు నుంచి వచ్చే పొరపాటును కూడా హెచ్చరించాలి. ‘నాకు మనసు బాగాలేదు, బాగున్నప్పుడు స్తుతిస్తాను’ అని వాయిదా వేసేవాళ్లున్నారు. హెబ్రీ పత్రిక 13వ అధ్యాయంలో ‘స్తుతియాగం’ అన్న మాట ఉంది. యాగమంటే ఏదో ఒకటి అర్పించాలి గదా. మనసు మొరాయిస్తున్న రోజున మందిరానికి నడిచి రావడమే కొందరికి పెద్ద యాగం. హబక్కూకు తన గ్రంథం చివర్లో, అంజూరపు చెట్టు పూయకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా యెహోవాయందు ఆనందిస్తానని తీర్మానించుకున్నాడు. అది 3వ అధ్యాయం. అదే ప్రవక్త 1వ అధ్యాయంలో, ఎంతకాలం మొరపెట్టినా వినవేమని దేవుణ్ని నిలదీశాడు. మనం 1వ అధ్యాయంలో ఉన్నవాణ్ని 3వ అధ్యాయం పాట పాడలేదని గద్దించకూడదు. 1వ అధ్యాయంలో ఉన్నవాడు 3వ అధ్యాయం దాకా నడవడం మానకూడదు.

సమాధుల మధ్య కృతజ్ఞత

సామూహిక మరణాల మధ్య పరిచర్య చేయడమంటే ఏమిటో 2021లో మా కాపరులందరికీ కొంత తెలిసింది. అప్పుడు నాకు తరచు గుర్తొచ్చిన మనిషి మార్టిన్ రింకార్ట్. జర్మనీలోని ఐలెన్‌బర్గ్ పట్టణంలో లూథరన్ కాపరి. ముప్పై ఏళ్ల యుద్ధకాలంలో చుట్టుపక్కల ఊళ్లవారు ప్రాణాలు దక్కించుకోవడానికి ఆ కోటగోడల పట్టణంలోకి వచ్చి కిక్కిరిశారు. 1637లో తెగులు విరుచుకుపడింది. మిగతా కాపరులు లేకుండా పోయారు. ఆయన ఒక్కడే ఆ ఏడాది 4,000 మందికి పైగా అంత్యక్రియలు జరిపించాడు. వారిలో ఆయన భార్య కూడా ఉంది. ఆ యుద్ధకాలపు మనిషే తన ఇంటివారు భోజనం వేళ పాడుకోవడానికి ఒక కృతజ్ఞతాగీతం రాశాడు. నేటికీ జర్మన్ సంఘాలు పండుగల్లో దాన్ని పాడుతున్నాయి. పొద్దంతా సమాధులు తవ్వించి ఇంటికి వచ్చిన మనిషి, పళ్లెంలోని కొద్దిపాటి అన్నానికి వందనాలు చెప్పడం ఎంత పెద్ద స్తుతో ఆలోచించండి.

పాటకూ పొరుగువానికీ మధ్య

స్తుతికీ సంతోషానికీ మధ్య మనం మరచిపోయే మూడోది ఒకటుంది. అది పొరుగువాడు. ఆమోసు ప్రవక్త కాలంలో ఇశ్రాయేలులో పాటలకు కొదవలేదు, వాద్యాలకు కొదవలేదు. అయినా ఆ పాటల ధ్వని నా దగ్గర నుంచి తీసివేయండని దేవుడు అన్నాడు (5వ అధ్యాయం). రాగం తప్పిందని కాదు, బీదలకు న్యాయం తప్పిందని. హెబ్రీ పత్రిక కూడా స్తుతియాగం గూర్చి చెప్పిన వెంటనే తర్వాతి వచనంలో ఉపకారం చేయడం, ఉన్నది పంచుకోవడం మరచిపోవద్దంటుంది. నెహెమ్యా 8వ అధ్యాయంలో యెహోవాయందలి ఆనందమే జనులకు బలమని చెప్పిన చోటే, ఏమీ సిద్ధం చేసుకోలేనివారికి వంతులు పంపించమన్న ఆజ్ఞ కూడా ఉంది. ఫిలిప్పీలో ఆ రాత్రి మొదలైన పాట ఎక్కడ ముగిసింది? చెరసాల నాయకుడు ఆ ఇద్దరి గాయాలు కడిగి, తన ఇంట్లో భోజనం పెట్టినచోట. ఆ ఇంటివారంతా ఆనందించారని లూకా రాశాడు.

మన తెలుగు నేల మీదే దీనికి గొప్ప సాక్ష్యం ఉంది. 1876-78 మధ్య మహా కరువు వచ్చినప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో అలమటిస్తున్న వేలమందికి కూలి పని కల్పించాడు. పనివారిలో అత్యధికులు ఊరికి దూరంగా నెట్టివేయబడిన మాదిగ పల్లెలవారు. పని మధ్య విరామాల్లో ప్రసంగికులు వారికి సువార్త చెప్పేవారు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని క్లౌ కరువు సాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఇవ్వలేదు. కరువు తగ్గి, సాయం ఆగిపోయాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ ఒడ్డున వెల్లివిరిసిన సంతోషం వెనుక రెండేళ్ల ఆకలి ఉంది, తవ్విన కాలువ ఉంది, పెట్టిన అన్నం ఉంది. స్తుతి గాలిలో వేలాడదు, ఇలాంటి నేల మీదే నిలబడుతుంది.

ఇప్పుడు మనమేం చేయాలి?

పాత కీర్తనలా, కొత్త పాటలా అన్న తగవు మన సంఘాల్లో ఎప్పటినుంచో ఉంది. నా వరకు రెండూ కావాలి. పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) తెలుగు రాగతాళాల్లో కీర్తనలు కట్టినప్పుడు అవీ కొత్త పాటలే. నేటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. మన పెద్దలు తమకు తెలిసిన సంగీతాన్నే దేవునికి అర్పించారు. నేటి యువజనులు గిటారుతో అదే పని చేస్తే తప్పులేదు. పాటను తూచాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఈ పాటలో దేవుడు ఎవరో తెలుస్తోందా? లేక నేను, నాకు, నాది అన్న మాటలే నిండి ఉన్నాయా? మా సంఘంలో పాడే పది పాటల్లో దుఃఖంలో ఉన్నవాడు పాడుకోగలిగినది ఒక్కటైనా ఉందా?

మా సంఘంలో మేము చేసిన కొద్దిపాటి మార్పులు చెబుతాను. మొదటిది, ఆరాధన నడిపించేవారు ‘చేతులెత్తండి’ అని ఆజ్ఞాపించడం మానుకున్నాం. ఎత్తగలిగినవారు ఎత్తుతారు, లేనివారు కూర్చుంటారు. రెండోది, ప్రతి ఆదివారం ఒక విలాప కీర్తన కూడా చదువుతున్నాం. చదివాక ఒక నిమిషం మౌనంగా ఉంటాం. మొదట్లో ఆ నిమిషం అందరికీ ఇబ్బందిగా ఉండేది, ఇప్పుడు అదే కావాలంటున్నారు. మూడోది, సాక్ష్యాల సమయంలో వీసా వచ్చిందని, ఉద్యోగం వచ్చిందని చెప్పేవారితో పాటు, ఇంకా జవాబు రాని ప్రార్థనతో కనిపెడుతున్నవారికి కూడా మాట్లాడే అవకాశం ఇస్తున్నాం. విని ‘అయ్యో’ అనడం నేర్చుకున్నాం. నాలుగోది, పాటల సమయంలో సౌండ్ కాస్త తగ్గించాం. పక్కవాని గొంతు మనకు వినబడకపోతే అది సంఘం పాడిన పాట ఎలా అవుతుంది?

ఇళ్లలో చేయాల్సినది అంతకంటే సులువు. రాత్రి భోజనాలయ్యాక టీవీ కట్టేసి, ఆ రోజు దేవుడు చేసిన మేలు ఒక్కొక్కరు ఒక్కటి చెప్పండి. ‘అన్నిటికీ వందనాలు ప్రభువా’ అని గంపగుత్తగా చెప్పవద్దు. ‘పొద్దున బస్సు దొరికింది, అమ్మ జ్వరం తగ్గింది’ అని పేరు పెట్టి చెప్పండి. కష్టం ఉంటే అదీ పేరు పెట్టి చెప్పండి. తర్వాత ఒక్క పాట పాడుకోండి. శ్రుతి కుదరకపోయినా నష్టం లేదు.

ఆ రాత్రి పాడిన మన ప్రభువు

చివరిగా మన ప్రభువును చూద్దాం. సిలువకు ముందు రాత్రి, భోజనమయ్యాక ఆయన శిష్యులతో కలిసి కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లాడని మత్తయి 26వ అధ్యాయం చెబుతోంది. పస్కా రాత్రి యూదులు పాడేవి 113 నుంచి 118 వరకు ఉన్న స్తుతి కీర్తనలు. యూదా అప్పటికే బయటికి వెళ్లిపోయాడు. పేతురు బొంకబోతున్నాడు. ఆ సంగతి తెలిసే ఆయన పాడాడు. కొద్దిసేపట్లోనే గెత్సేమనేలో నేలమీద పడి వేదనతో ప్రార్థించాడు. మర్నాడు సిలువ మీద 22వ కీర్తన మొదటి మాటలతోనే, విడిచిపెట్టబడినవాని కేక వేశాడు. ఆ 22వ కీర్తన ఎక్కడ ముగుస్తుందో చూడండి. సమాజం మధ్య వినిపించే స్తుతిలో! మన ప్రభువు పాట తెలిసినవాడే, పాట పెగలని బాధ కూడా తెలిసినవాడే. అందుకే ఆ రెండు రకాలవారినీ తన పక్కన కూర్చోబెట్టుకోగలడు.

ఆ తల్లి తర్వాతి ఆదివారం వచ్చింది. నేను మొత్తం సంఘం ఎదుట నా మాటను వెనక్కి తీసుకుని క్షమాపణ అడిగాను. ఆ రోజు నుంచి స్త్రీల సమాజంలోని ఇద్దరు సహోదరీలు ఆమెకు చెరో పక్క కూర్చునేవారు. పాడమని ఆమెను ఎవరూ అడగలేదు. వాళ్లే పాడేవారు. ఒక పాటల పుస్తకం ఆమె చేతిలో తెరిచి ఉండేది. నెలలు గడిచాయి. 2022లో ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో కూడుకున్నప్పుడు, కొడుకు సమాధి పక్కన నిలబడి ఉన్న ఆమె పెదవులు కదలడం చూశాను. గొంతు వినపడలేదు. పాట సగంలో ఆగిపోయి మళ్లీ మొదలైంది. కూడిక అయ్యాక నా దగ్గరకు వచ్చి, ‘అయ్యగారూ, ఇయ్యాల రెండు చరణాలు పాడానండి’ అంది. దుఃఖం పోయిందని ఆమె చెప్పలేదు. ఇప్పటికీ పోలేదు. కానీ ఆ రెండు చరణాలు చెప్పేటప్పుడు ఆమె ముఖంలో కనిపించిన వెలుగు, మైకు పట్టుకుని నేను అడిగితే వచ్చేది కాదు.

ఈ ఆదివారం మీరు మందిరానికి వెళ్లినప్పుడు పాట వస్తే గొంతెత్తి పాడండి, మీ పక్కన పాడలేనివారి తరఫున కూడా పాడండి. పాట రాకపోతే ఊరికే వచ్చి కూర్చోండి. మీకోసం పాడేవారు అక్కడ ఉంటారు. మీకోసం ఒక రాత్రి పాడి, మర్నాడు సిలువ ఎక్కినవాడు కూడా అక్కడే ఉంటాడు. తన సన్నిధిలోని సంపూర్ణ సంతోషాన్ని ఆయన మనందరికీ, ముఖ్యంగా చివరి వరుసలో కూర్చున్నవారికి, అనుగ్రహించును గాక. ఆమెన్.